గంజి వదలని గుడ్డ

ఇన్నాళ్ళూ ఇది రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాయడం రాకపోవడమే. మా పుట్టింటి ఊరు అత్తిమంజేరిపేట. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. రాట్నం పిడి చేతికి అందే ఎత్తు రాగానే నన్ను నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు కాబట్టి నాకు ఆ బడీ లేదు, ఆ చదువూ లేదు. నా తర్వాత పుట్టిన తమ్ముణ్ణి మాత్రం బడికి పంపారు. పెళ్ళయి తిరుత్తణికి వచ్చాక ఇల్లు మారింది గానీ పని మారలేదు. యాభై దాటాక, మా వీధిలో ఉండే రిటైరైన టీచరమ్మ మధ్యాహ్నాలు తన అరుగు మీద కూర్చోబెట్టి నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది. ఈ వయసులో ఎవరికి జాబు రాస్తావమ్మా అని వీధిలో వాళ్ళు నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వింది గానీ పలక మాత్రం నా ఒళ్ళోంచి తియ్యలేదు.

రెండో కారణం వేరే. అక్షరాలు కుదిరాక కూడా ఈ సంగతి రాయకుండా ఆపుకున్నాను. తమ్ముడు మళ్ళీ మా గడప తొక్కుతాడు, ఆ తర్వాత రాస్తే అంతా ఒక నవ్వులాట లాగా రాసుకోవచ్చు అనుకున్నాను. వాడు ఇంకా రాలేదు. అమ్మానాన్న పోయాక నాకు పుట్టిల్లంటే వాడొక్కడే. అందుకని ఉన్నది ఉన్నట్టుగానే రాస్తున్నాను.

మా ఇంట్లో ఒకప్పుడు రెండు చేతిమగ్గాలు, తర్వాత ఒక మరమగ్గం. చేతిమగ్గాల్లో ఒకదాన్ని తీసేసి, దాని కింద గుంటను మట్టితో పూడ్చి, ఆ చోటులో మా ఆయన కారు నిలబెట్టాడు. పాత డీజిల్ కారు. తమ్ముడికి డ్రైవింగు వచ్చు, మగ్గం మీద వాడికి ఎప్పుడూ మనసు లేదు. కారు మాది, నడిపేది వాడు. మా ఊరి గుడి కొండకు వచ్చే భక్తుల్ని రైల్వేస్టేషన్ నుంచి పైకి తీసుకుపోవడం, కొందరిని తిరుపతికి, కొందరిని చిత్తూరుకు దింపి రావడం. మా పక్క వీధిలోనే వాడి కాపురం. పొద్దున్నే వచ్చి, మా ఇంట్లో కాఫీ తాగి, కారు స్టార్ట్ చేసి, ఇంజను ఊరికే తిరుగుతుండగా అద్దం ముందున్న సుబ్రహ్మణ్యస్వామి పటానికి పువ్వు పెట్టేవాడు. పక్కనే మరమగ్గం. మగ్గాల షెడ్డులో ఎప్పుడూ నూలు పొట్టు ఎగురుతూనే ఉంటుంది. కారు మీద పట్టిన ఆ తెల్లటి నుసిని వాడు రోజూ తుడిచేవాడు. లోపలికి పోయేది ఎవరికి కనిపిస్తుంది?

మా కులంలో బావా బామ్మర్దుల మధ్య మాటలకు హద్దు లేదు. బావ బామ్మర్దిని దొంగ అనవచ్చు, తాగుబోతు అనవచ్చు, పెళ్ళి పందిట్లో పదిమంది ముందు వాడి పరువు తీయవచ్చు. బామ్మర్ది కూడా ఊరుకోడు. వినేవాళ్ళకు అది ఒక వినోదం. ఇద్దరి మధ్య అలాంటి మాటలు లేకపోతేనే ఏదో గొడవ ఉందని అనుకుంటారు. మా ఆయనా తమ్ముడూ ఈ ఆటలో గట్టివాళ్ళు. సాయంత్రం వాళ్ళిద్దరూ అరుగు మీద కూర్చున్నారంటే పక్కింటి ఆడవాళ్ళు బియ్యం చేట తీసుకుని ఇటు వచ్చేవాళ్ళు.

ఒక ఏడాది వానలు తగ్గాక కారు తేడా చేయడం మొదలుపెట్టింది. ముందు నల్ల పొగ. తర్వాత లాగుడు తగ్గింది. పోసిన డీజిల్ పోసినట్టే అయిపోయేది. తమ్ముడు రెండు మూడుసార్లు ఏదో చెప్పబోయాడు, మా ఆయన వినలేదు. ఆ మాటలు నాకు అప్పుడు సరిగా తెలియవు. షెడ్డులో మగ్గం చప్పుడులో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నా వంటింటికి వినిపించదు.

ఆడికృత్తిక పండగ వచ్చింది. స్వామికి మొక్కులు తెచ్చే కావళ్ళతో ఊరంతా నిండిపోయింది. తమ్ముడు ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని కొండ దారి పట్టాడు. సగం దారిలో కారు ఇంక ఎక్కనంది. వాళ్ళలో ఒక ముసలామె కూడా దిగి, అందరూ నడిచి పైకి పోయారట. వెనక బండ్ల వాళ్ళు హారన్లు కొట్టి, తిట్టి, చివరికి తోసి పక్కకు పెట్టారట. ఈ సంగతి తమ్ముడి కంటే ముందే మా వీధికి చేరింది. మా ఆయనకు తల కొట్టేసినట్టయింది. స్వామి దగ్గరికి పోయేవాళ్ళను దారిలో దించిన బండి ఫలానా వాళ్ళదని పేరొచ్చిందని మధ్యాహ్నమంతా లోపలికీ బయటికీ తిరిగాడు.

సాయంత్రం తమ్ముడు కారు తెచ్చి నిలబెట్టి, అరుగు మీద కూర్చున్నాడు. వీధిలో వాళ్ళు అలవాటుగా చేరారు.

"ఏం బామ్మర్దీ," అన్నాడు మా ఆయన, "బండి డీజిల్ తాగుతాందా, నువ్వు తాగుతాండావా?"

అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. "నా ఒంటికి డీజిల్ పడదు బావా. కాఫీ పోయించు చాలు."

"కాఫీ పోసేది మీ అక్క. డీజిల్ పోసేది నేను."

"అందుకే కాఫీ బాగుంటాది."

పక్కింటామె చేట కింద పెట్టేసి మరీ నవ్వింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, నేనూ నవ్వాను.

"యాడ అమ్ముతాండావో చెప్పు," అన్నాడు మా ఆయన. "నేనూ ఆడికే వచ్చి కొనుక్కుంటా. నా డీజిల్ నాకే చౌకగా వస్తాది."

"చుమ్మా ఉండు బావా, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, నవ్వేదానికి కూడా ఓపిక లేదు" అంటూ తమ్ముడు బావ మొహం చూశాడు. అప్పటికి నేనూ చూశాను. ఆ మొహంలో నవ్వు లేదు. మిగతావాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"బావా, ఇది ఆటకా, నిజంగానా?"

"నిజంగానే అడుగుతాండా. పోసిన డీజిల్ యాడికి పోతాంది?"

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగాయి. "అదేం మాటయ్యా, ముందు బండిని మెకానిక్కు చూపించు" అన్నాను నేను. "బండి సంగతి నీకేం తెలుసు, నువ్వు లోపలికి పో" అన్నాడు ఆయన. తమ్ముడు లేచాడు. కోపంగా ఏమీ అనలేదు. చెప్పులు వేసుకుంటూ, "అన్నం వేండాం అక్కా" అన్నాడు. వద్దనడానికి, నేను వాడిని అన్నానికి పిలవనే లేదు ఇంకా. మా ఇంటికి వచ్చి వాడు తినకుండా వెళ్ళడం అదే మొదలు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ నవ్వులే. ఆ మాట కోపంగా అని ఉంటే ఎవరో ఒకరు మధ్యలో పడి ఆపేవాళ్ళు. ఆటలాగా మొదలైంది కాబట్టి అందరం వేడుక చూస్తూ కూర్చున్నాం. తమ్ముడు కూడా తన వంతు మాటలు అందించాడు. తనను దొంగ అంటున్నారని తెలియక దానికి నవ్వుతూ జవాబు చెప్పుకున్నాడు. వాడికి అదే ఎక్కువ తగిలి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

వారం తిరక్కుండా తమ్ముడు ఇల్లు ఖాళీ చేసి, పెళ్ళాం బిడ్డలతో కడంబత్తూరుకు పోయాడు. వాడి అత్తగారిది ఆ ఊరే. అక్కడ ఒక కంపెనీకి పనివాళ్ళను చేరవేసే బస్సు నడుపుతున్నాడని విన్నాను. ఫోను చేస్తే మాట్లాడేవాడు. పిల్లల చదువులు చెప్పేవాడు, వానలు చెప్పేవాడు. బావ మాట ఎత్తేవాడు కాదు, వస్తాననీ అనేవాడు కాదు. మా ఆయన కారు మీద పాత దుప్పటి కప్పేశాడు. ఇంజను పోయింది, అమ్మేస్తానన్నాడు.

అమ్మనివ్వనిది మా అమ్మాయి. అది తిరువళ్ళూరు పక్కన ఒక ఫ్యాక్టరీలో పని చేస్తూ హాస్టల్లో ఉంటుంది, ఆదివారాలు ఇంటికి వస్తుంది. తోటి ఆడపిల్లలతో చేరి డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తీసుకుంది. దీపావళి దాటిన తర్వాత ఒక ఆదివారం, తిరువళ్ళూరులో స్పేర్ పార్టుల కొట్లో కొన్న అట్టపెట్టె ఒకటి పట్టుకుని వచ్చింది.

"ఇంజను పోయిందని ఎవురు చెప్పినారు నాయనా? నల్ల పొగ, లాగుడు లేదు, డీజిల్ ఎక్కువ తాగుతాంది. ఇంజనుకు ఊపిరి ఆడకపోతే కూడా ఇట్లే అవుతాదంట. ఎయిర్ ఫిల్టర్ మార్చి చూస్తాం."

"ఎవురు మారుస్తారు?"

"నేనే. ఫోన్లో చూసినా. దోసె తిప్పినంత పని."

"నువ్వు తిప్పిన దోసె నేను తిన్నాను కదా" అన్నాడు మా ఆయన. షెడ్డులోనే మంచం మీద కూర్చుని, తెగిన నూలుకు ముడులు వేస్తూ, మా వైపు చూడనట్టు ఉన్నాడు.

దుప్పటి తీశాం. అమ్మాయి బోనెట్ ఎత్తి, ఇనప ఊచ మీద నిలబెట్టింది. నన్ను టార్చి పట్టమంది. ఇంజనుకు ఒక పక్కగా నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఉంది. ఇంజను పీల్చే గాలి ముందు ఆ పెట్టెలోకి వచ్చి, లోపల మడతలు మడతలుగా ఉన్న కాగితం గుండా దుమ్ము వదిలించుకుని పోతుందట. పెట్టె మూతకు చుట్టూ క్లిప్పులు. అన్నీ వచ్చాయి, ఒకటి రాలేదు. నేను వంటింట్లోంచి గరిటె తెచ్చి ఇచ్చాను. దాని కాడతో ఎత్తితే టక్కుమని వచ్చింది. అమ్మాయి మూత పైకి లేపి, టార్చి దగ్గరికి పెట్టమంది.

"అమ్మా, ఇదేంది?"

కాగితం మడతలు కనిపించలేదు. బూడిద రంగులో ఒక అట్ట ఉంది. మీద నూలు పొట్టు మందంగా, మెత్తగా, ఎలుక వెంట్రుకల్లా పేరుకుని ఉంది. అమ్మాయి అంచు పట్టుకుని లాగితే అట్ట మొత్తం ఫిల్టర్‌తో సహా పైకి వచ్చింది. అది అట్ట కాదు, గుడ్డ. కాగితం ఫిల్టర్‌కు చుట్టూ గుడ్డ చుట్టి, నూలుతో కట్టి ఉంది. తడిసి ఆరి, తడిసి ఆరి, అప్పడంలా బిర్రబిగుసుకుంది.

"దీన్నుంచి గాలి యాడ పోతాది? మూతి మూసి పరిగెత్తమన్నట్టుండాది. ఎవురు చుట్టినారిది, మామేనా?"

నేను చేతిలోకి తీసుకున్నాను. పొట్టు గీకి చూశాను. అడ్డంగా పోగులు, పక్కన సన్నటి అంచు. పడుగు అయిపోవస్తున్నప్పుడు మగ్గం మీద చివర మిగిలే జానెడు ముక్కను మేము అమ్మం, ఇంటి వాడకానికి ఉంచుకుంటాం. పాలు వడగట్టడానికి, బానల మూతులకు కట్టడానికి. కానీ వాడే ముందు దాన్ని రాత్రంతా నానబెట్టి గంజి వదిలిస్తాం. నేతకు ముందు పడుగుకు గంజి పట్టిస్తారు కదా, ఆ గంజి వదలకపోతే గుడ్డ కన్నాలు తెరుచుకోవు. పాలు కూడా దిగవు. దీనికి గంజి వదిలించలేదు. వానాకాలం చెమ్మకు ఆ గంజి ఉబ్బి, ఎగిరే పొట్టునంతా అంటించుకుని, ఎండకు గట్టిపడింది. ఆ ముక్క మా మగ్గం మీదిదే. నాకు అర్థమైంది. అయినా నేను చెప్పలేదు. ఆయన చెప్పాలని నిలబడ్డాను.

మా ఆయన మంచం దిగి వచ్చాడు. గుడ్డను తీసుకుని వేళ్ళ మధ్య నలిపాడు. పెళపెళమంది.

"మామేనా నాయనా?" అంది అమ్మాయి మళ్ళీ.

"మామ కాదు. నేను."

తనే చెప్పుకొచ్చాడు. "పోయినేడు ఆయుధపూజకు కొత్త ఫిల్టర్ తెచ్చినా. చూస్తే కాగితం. షెడ్డులో ఇంత పొట్టు ఉంటే కాగితం ఏం ఆపుతాది, మన గుడ్డ ఆపినట్టు ఆపుతాదా అనుకున్నా."

"గంజి తియ్యలేదే" అన్నాను.

"గంజి ఉంటే జారకుండా నిలుస్తాదనుకున్నా."

"సరి, నువ్వు చుట్టినావు," అంది అమ్మాయి. "మరి ఇన్ని నాళ్ళు బండి నడిపింది మామ కదా. పొగ వస్తాంటే ఒకసారి తెరిచి చూళ్ళేదా?"

మా ఆయన గుడ్డను కింద పెట్టలేదు. "తెరుస్తానన్నాడు. గాలి ఆడతా లేదేమో బావా, పెట్టె తెరుస్తామా అన్నాడు. రెండు మూడు తూర్లు అన్నాడు. నేనే వద్దన్నా. నేను వేసిందాన్ని నువ్వు కదిలించేదేందిరా అన్నా. నవ్వి ఊరుకున్నాడు."

మగ్గం చప్పుడులో నాకు వినిపించని మాటలు అవే అన్నమాట. బావ వద్దన్నాడు కాబట్టి తమ్ముడు ఆ పెట్టె మీద చెయ్యి వెయ్యలేదు. ఆ మర్యాదకే వాడు దొంగ అనిపించుకున్నాడు. కొండ దారిలో అంతమంది తిట్టినప్పుడైనా ఆ మూత తీసి చూసి ఉంటే అక్కడే సంగతి బయటపడేది. వాడు తియ్యలేదు.

అమ్మాయి పని ఆపలేదు. పెట్టె లోపల తుడవడానికి "గంజి లేని గుడ్డ ఒకటి ఇయ్యమ్మా" అంది. నవ్వించాలనే అంది. ఎవరమూ నవ్వకపోయేసరికి దానికీ ఏదో అర్థమై, తుడవడంలో పడింది. కొత్త ఫిల్టర్‌కు చుట్టూ ఉన్న రబ్బరు అంచు పెట్టె గాడిలో సరిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసింది. మూత వేసి క్లిప్పులు నొక్కింది. బ్యాటరీ దిగిపోయి ఉంటే పక్క వీధి ఆటో అతను వచ్చి వైరు కలిపాడు. కారు రెండు సార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది. కాసేపు నల్లగా, తర్వాత పొగే లేదు. అమ్మాయి వాళ్ళ నాయనను పక్కన కూర్చోబెట్టుకుని కొండ మీదికి పోయి వచ్చింది. "ఒక్క చోట కూడా ఆగలేదమ్మా" అని దిగుతూనే అరిచింది. దాని మొహం వెలిగిపోతోంది. ఆయన మాత్రం కారులోంచి దిగడానికి చాలాసేపు తీసుకున్నాడు. కారు అంత బాగా నడిచే కొద్దీ ఆయన తప్పు అంత పెద్దదవుతోంది.

దీపాలు పెట్టే వేళ నేనే అన్నాను. "రేపు పోయి చెప్పేసి రాయ్యా. పొద్దున రైలుకు పోతే వాడు డ్యూటీకి పోకముందే దొరుకుతాడు."

"ఏ మొహం పెట్టుకుని పోయేది?"

"ఉండే మొహమే పెట్టుకుని పో."

"నువ్వు ఫోన్లో చెప్పు. నవ్వుతాడులే. బావ గంజి గుడ్డ చుట్టినాడంటే నవ్వుతాడు. నవ్వినాక తానే వస్తాడు."

"వీధిలో అన్న మాటకు ఫోన్లో నేను సమాధానం చెప్పేదా?"

ఆయన లేచి కారు మీద దుప్పటి కప్పడానికి పోయాడు.

మరునాడు పొద్దున నేను లేచేసరికి ఆయన స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద ఉన్నాడు. తోడుగా నేనూ బయల్దేరాను, వస్తాడనే అనుకున్నాను. నేను చేతిసంచి తీసుకుని వీధిలోకి దిగి, ఆగి, వెనక్కి చూశాను. ఆయన చెప్పుల వైపు చూస్తున్నాడు గానీ లేవలేదు. నేను ఒక్కదాన్నే స్టేషన్‌కు నడిచి రైలెక్కాను.

కడంబత్తూరులో తమ్ముడు ఇంటి ముందు బస్సు అద్దం కడుగుతున్నాడు. నన్ను చూసి బక్కెట్టు కింద పెట్టేశాడు. "ఏందక్కా, ఎవురికన్నా ఒళ్ళు బాగాలేదా?" అన్నాడు ముందు. లేదని చెప్పి, అక్కడే నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"గంజి గుడ్డా?" అన్నాడు. నిజంగానే నవ్వాడు. మా ఆయన చెప్పినట్టే పెద్దగా, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "అయ్యో బావా, ఇంజనుకు పంచె కట్టినావా!" నాకూ నవ్వొచ్చింది. ఇంక అయిపోయింది అనుకున్నాను.

నవ్వు ఆగాక అడిగాడు. "చెప్పి రమ్మని బావ పంపినాడా, నువ్వుగా వచ్చినావా?"

"నేనుగా వచ్చినా."

"సరి." మళ్ళీ గుడ్డ తీసుకుని అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"ఇంటికి రారా. ఒక్క పూట వచ్చి తినిపో."

"బావ పిలిస్తే వస్తా. నువ్వు పిలిస్తే రానక్కా. నువ్వు నన్ను యాడ పొమ్మన్నావు, నువ్వు పిలిచేదానికి?"

"ఆయనకు సిగ్గురా."

"నాకూ ఆ పొద్దు సిగ్గయింది. అంతమందిలో." అంతే అన్నాడు. ఆ మాటలో కోపం వెతికాను. దొరికి ఉంటే దాన్ని ఎలాగో చల్లార్చేదాన్ని. అది లేదు.

వాడి భార్య కాఫీ తెచ్చి ఇచ్చింది. తాగేలోగా పనికి పోయే ఆడపిల్లలు టిఫిన్ డబ్బాలతో వచ్చి బస్సెక్కారు, "అన్నా, టైమాయె" అని లోపలినుంచి పిలిచారు. తమ్ముడు నన్ను కూడా ఎక్కించుకుని స్టేషన్ దగ్గర దించాడు. "జాగ్రత్తక్కా" అన్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన అదే చొక్కాతో అక్కడే ఉన్నాడు. "ఏమన్నాడు? నవ్వినాడా?" అన్నాడు. మా ఇళ్ళల్లో మగవాళ్ళ మధ్య మాటలు మోసే ఆడవాళ్ళు వాటిలో కాస్త బెల్లం కలిపి అందిస్తారు. మా అమ్మ అట్లాగే చేసేది, నేనూ అట్లాగే చేస్తూ వచ్చాను. ఆ రోజు కలపలేదు. నవ్వాడని చెప్పాను. తర్వాత అన్నది కూడా, అంతమందిలో సిగ్గయిందన్న మాటతో సహా, వాడు అన్నట్టే చెప్పాను. కడంబత్తూరుకు మళ్ళీ రైలు ఎన్నింటికి ఉందో చెప్పి, నేను లోపలికి పోయాను.